అతుకు కనిపించే పేజీ

మన సాహిత్య పత్రికల్లో బొమ్మది కౌలుదారు బతుకు. పేజీ కథకుడి సొంతం. అందులో శీర్షిక పక్కన రెండు మూడు అంగుళాల చోటు బొమ్మకు ఇస్తారు. ఆ చోటులో అది రచయిత చెప్పిందే మళ్ళీ చెప్పాలి. కథలో నాయిక బావిగట్టు మీద కూర్చుంటే బొమ్మలోనూ బావిగట్టు మీదే కూర్చోవాలి. బాపు గీత తెలుగు కథకు ఎంత శోభ తెచ్చిందో, చంద్ర గీతలో ఎంత బలం ఉందో నేను కాదనడం లేదు. అంతటివాళ్ళకు కూడా కథ గీసిన గిరి దాటి వెళ్ళే అవకాశం తక్కువ. ఒక్క కార్టూనిస్టుకు మాత్రం సొంత అభిప్రాయం ఉండవచ్చునని మనం ఒప్పుకున్నాం. 1970లలో విజయవాడ 'విశాలాంధ్ర'లో మోహన్ గీసిన కార్టూన్ సంపాదకీయానికి తోక కాదు, తన కాళ్ళ మీద తాను నిలబడే రాజకీయ వ్యాఖ్య. కాని అది దినపత్రిక సంగతి. కథలూ కవితలూ విమర్శలూ వేసే పత్రికలోకి చిత్రకారుడు రచయితతో సమానంగా, ఎవరి కథకూ బొమ్మ వెయ్యకుండా, తన పేరుతో తన పేజీలతో ప్రవేశిస్తే ఏమవుతుంది?

ఇంగ్లండులో ఒకచోట అది జరిగింది. లండన్‌లో 1959లో మార్టిన్ బాక్స్ అనే పిల్లల డాక్టరు 'యాంబిట్' అనే త్రైమాసిక సాహిత్య పత్రిక మొదలుపెట్టాడు. కవితలు, కథలు, బొమ్మలు. 2023లో ఆగిపోయేదాకా అది పెద్ద సొమ్ము ఉన్న పత్రిక ఎన్నడూ కాదు. మన చిన్న పత్రికల బంధువే. 1967 నుంచి సుమారు 1980 దాకా అందులో ఎడువార్డో పావులోట్సీ అనే శిల్పి కొలాజ్‌లు వేశాడు. పాప్ చిత్రకళకు ఆద్యుల్లో ఒకడని అతన్ని చరిత్రకారులు చెబుతారు. ఆ బిరుదు అతనికి మాత్రం నచ్చేది కాదు. తాను అధివాస్తవికుల వారసుణ్ణనే అనేవాడు. యాంబిట్‌లో అతను వేసినవాటిని డేవిడ్ బ్రిటన్ ఏరి కూర్చగా 'ది జెట్ ఏజ్ కంపెండియం' అనే పేరుతో 2009లో ఒక పుస్తకం వచ్చింది. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ పుస్తకమే. కాని దాన్ని పరిచయం చెయ్యడం నా ఉద్దేశం కాదు. అభ్యుదయ రచయితలం మనం కొలాజ్‌ను ఒకే మాటతో పక్కకు నెడుతూ వచ్చాం: రూపవాదం. ఆ మాట ఇక్కడ ఎంతవరకు చెల్లుతుందో చూడాలనుకుంటున్నాను.

ముందు మనిషి సంగతి. పావులోట్సీ 1924లో స్కాట్లండులోని లీత్ రేవులో పుట్టాడు. తల్లిదండ్రులు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళు. ఐస్‌క్రీమూ మిఠాయిలూ అమ్మే చిన్న కొట్టు వాళ్ళది. సిగరెట్టు పెట్టెల్లో వచ్చే బొమ్మల కార్డులు పోగుచెయ్యడం కుర్రవాడికి అలవాటయింది. 1940 జూన్‌లో ముస్సోలినీ యుద్ధంలో దిగగానే బ్రిటిషు ప్రభుత్వం తన దేశంలోని ఇటాలియన్ మగవాళ్ళను పట్టుకుని నిర్బంధించింది. పదహారేళ్ళ పావులోట్సీ జైలుకు పోయాడు. అతని తండ్రిని, తాతను, మామను కెనడా పంపించడానికి 'అరండోరా స్టార్' అనే ఓడ ఎక్కించారు. జూలై 2న జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచింది. ఎనిమిది వందల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఆ ముగ్గురూ ఉన్నారు. ఇటాలియన్లు కావడంవల్ల బ్రిటన్‌కు శత్రువులు, బ్రిటిషు ఓడలో ఉండడంవల్ల జర్మనీకి శత్రువులు. యంత్రమూ విమానమూ ఆయుధమూ ఈ మనిషి బొమ్మల్లో ఎందుకు వదలకుండా తిరుగుతాయో చెప్పడానికి ఇదొక్కటే కారణమని నేననను. కాని ఇది తెలియకుండా అతన్ని కాగితాలతో ఆడుకునే సరదా మనిషిగా కొట్టివెయ్యడం మాత్రం అన్యాయం.

యుద్ధం తర్వాత 1947లో పారిస్ వెళ్ళాడు. అక్కడి అమెరికన్ మాజీ సైనికుల దగ్గర రంగురంగుల అమెరికన్ పత్రికలు దొరికాయి. యూరప్ రేషను కార్డుల మీద బతుకుతున్న రోజులవి. ఆ పత్రికల్లో పండ్ల రసం డబ్బాలు, మెరిసే కార్లు, నవ్వే ఆడవాళ్ళు, బాంబర్ విమానాలు. అతను వాటిని కత్తిరించి అతికించాడు. ఆ సంవత్సరంలోనిదే 'నేనొక ధనికుడి ఆటబొమ్మని' అనే కొలాజ్. ఒక చవకబారు 'ఒప్పుకోళ్ళ' పత్రిక ముఖచిత్రం మీది స్త్రీ, ఆమె వైపు గురిపెట్టిన తుపాకి, తుపాకి పొగలో 'పాప్' అనే మాట, కింద కోకాకోలా ప్రకటన, యుద్ధ విమానం. పాప్ కళకు ఆ పేరు ఇక్కణ్ణుంచే వచ్చిందా కాదా అన్న చర్చ మనకు అక్కర్లేదు. చూడవలసింది ఆ కాగితంలో ఇరుగుపొరుగు. శీతలపానీయమూ బాంబరూ ఒకే కాగితం మీద, ఒకే నవ్వుతో, ఒకే ఉత్సాహంతో ఉన్నాయి. అతను వాటిని అబద్ధం ఆడించలేదు. అవి అంతకుముందే ఒకే పత్రికలో పది పేజీల దూరంలో కాపురం ఉంటున్నాయి. ఆ పది పేజీలు తీసేశాడు, అంతే. 1952లో లండన్‌లో మిత్రుల ముందు ఇటువంటి కాగితాలను పెద్దగా వ్యాఖ్యానం లేకుండా ఒకదాని వెంట ఒకటి తెర మీద వేసి చూపిస్తే చూసినవాళ్ళు తికమకపడ్డారట. తికమకపడక ఏం చేస్తారు? చిత్రకళ మీద ఉపన్యాసం వినడానికి వచ్చినవాళ్ళకు సంత చూపించాడు.

అదే పద్ధతిని అక్షరాల మీద కూడా ప్రయోగించాడు. 1966లో వచ్చిన అతని 'కెక్స్' అనే చిన్న పుస్తకంలో సొంత వాక్యాలకంటె అచ్చు కాగితాల్లోంచి కత్తిరించిన వాక్యాలే ఎక్కువ. డిటెక్టివ్ నవల వాక్యం పక్కన యంత్రం వాడే విధానం, దాని పక్కన ప్రకటన. యాంబిట్‌లోకి వచ్చేసరికి బొమ్మా అక్షరమూ కలిశాయి. బొమ్మల విమానాల జాబితాలు, వైద్య గ్రంథాల పటాలు, సినిమా పత్రికల ఫొటోలు, అంతరిక్ష నౌకలు, మరమనుషులు. ఎవరో ఎక్కడో ఏదో అమ్మడానికి, వివరించడానికి, ఒప్పించడానికి రాసిన మాటలు. ఆ సంవత్సరాల్లో వియత్నాం మీద బాంబులు కురుస్తున్నాయి. ఆ యుద్ధమూ ఈ పేజీల్లోకి వచ్చింది. అమెరికన్ ఇంటి సుఖాలకూ అమెరికన్ ఆయుధాలకూ మధ్య గోడ లేదని చూపిస్తూనే వచ్చింది. ఒక వరసకు అతను పెట్టిన పేరులోనే కథంతా ఉంది: 'జనరల్ డైనమిక్ ఎఫ్.యు.ఎన్.' వియత్నాంలో వాడిన ఎఫ్-111 బాంబర్లను తయారుచేసిన కంపెనీ పేరు జనరల్ డైనమిక్స్. దానికి 'సరదా' అనే మాటను ఏదో సర్కారు శాఖ పేరులా పొడి అక్షరాలుగా విడగొట్టి తోకగా అతికించాడు. అదే పేరుతో 1970లో యాభై కాగితాల అచ్చుల సంపుటం వచ్చింది. దానికి ముందుమాట జె.జి. బల్లార్డ్ రాశాడు.

బల్లార్డ్ నవలాకారుడు, యాంబిట్‌లో వచన విభాగానికి సంపాదకుడు. 1967 నుంచి అతను కూడా ఆ పత్రికలో పూర్తి పేజీ ప్రకటనలు వేశాడు. చూడడానికి అచ్చం వ్యాపార ప్రకటనలే: పెద్ద ఫొటో, కొద్ది అక్షరాలు. కాని కొనడానికి అక్కడ వస్తువు లేదు. ఉన్నది ఒక ఊహ, అదీ కొరుకుడుపడనిది. ఈ ఇద్దరూ కలిసి తేల్చిన సంగతి ఒకటుంది. మన కాలంలో వాస్తవాన్ని రాసి పెడుతున్నది నవలాకారుడు కాదు, ప్రకటనలు రాసే గుమాస్తా. అలాంటప్పుడు వాస్తవికత కోరే రచయిత ఆ గుమాస్తా సరుకును ముట్టుకోనని భీష్మించుకుంటే ఎలా?

ఇక్కడే మనవాళ్ళు అభ్యంతరం చెబుతారు. పాఠకుడికి అర్థం కాదు, ఇది పాశ్చాత్యుల వెర్రి, దీనికి వస్తువు లేదు శిల్పమే ఉంది అని. మూడింటినీ ఒకేగాట కట్టడం సరికాదు.

అర్థం కాదన్న మాటను నేను అసలు ఒప్పుకోను. కృష్ణా డెల్టాలో చదువురాని కూలీ కూడా కొలాజ్ చదవగలడు. గోడమీద మైదా జిగురుతో అంటించిన సినిమా వాల్‌పోస్టరు ఏమిటి? మధ్యలో హీరో తల గుమ్మమంత, అతని భుజం మీద అరచేయంత హీరోయిన్, మూలన విలన్ కన్ను, కింద రైలు, మంట, గుర్రం. కథాక్రమమూ లేదు, పరిమాణమూ లేదు, దూరమూ దగ్గరా లేదు. అయినా సైకిలు దిగకుండానే జనం చదివేస్తారు. ఆ పోస్టరు సగం చింపి దానిమీద ఎన్నికల గోడపత్రం అంటిస్తే అదీ చదువుతారు, నవ్వుకుంటారు కూడా. ఒకప్పుడు మన ఇళ్ళల్లో ట్రంకు పెట్టె మూత లోపలివైపు ఏమి అతికించేవారో గుర్తు తెచ్చుకోండి. దేవుడి క్యాలెండరు బొమ్మ, పక్కన సినిమా తార, సబ్బు పెట్టె మీది పాపాయి. మంగలి షాపు గోడలు, టీ బడ్డీ తడికలు, అన్నీ అంతే. లీత్‌లోని మిఠాయి కొట్టు కుర్రాడు చేసింది కూడా ఇదే. డబ్బున్నవాడు చిత్రపటాలు కొని గోడకు వేలాడదీస్తాడు. లేనివాడు అచ్చుకాగితం కత్తిరించి అంటించుకుంటాడు. కొలాజ్‌ను ధనికవర్గపు విలాసం అనేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి.

పాశ్చాత్యుల వెర్రి అన్నది మరీ తేలిక మాట. బుర్రకథనే తీసుకోండి. కథకుడు అల్లూరి సీతారామరాజు కథో పల్నాటి కథో నడుపుతూ ఉంటాడు. వీరరసం పొంగుతున్న సమయంలో వంతగాడు అడ్డం వస్తాడు. ఒక వంత హాస్యానికి, ఇంకొక వంత రాజకీయానికి. నాగమ్మ మంత్రాంగం దగ్గర ఆపి నేటి మంత్రిగారి ఊసెత్తుతాడు. పన్నెండో శతాబ్దం మీద ఇరవయ్యో శతాబ్దపు కాగితం అతికించడమే అది! 1943లో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టి, షేక్ నాజర్ గొంతులో ఊరూరా తిప్పినప్పుడు, ఆ అతుకే దాని ప్రాణం. కథ మధ్యలో బియ్యం ధర ఎందుకు వచ్చిందని ఏ రైతూ అడగలేదు. అతుకు కనబడుతుంది, కనబడుతుంది గనకనే జనం ఆలోచనలో పడతారు. మనం ప్రదర్శనలో ఆమోదించి తలకెత్తుకున్న పద్ధతిని పేజీమీద చూసేసరికి విదేశీ సరుకు అంటున్నాం.

పోనీ పాశ్చాత్యులలోనైనా కొలాజ్ ఎవరి చేతిలో పదునెక్కింది? జాన్ హార్ట్‌ఫీల్డ్ చేతిలో. అతను కమ్యూనిస్టు. జర్మన్ కార్మికుల సచిత్ర వారపత్రిక 'ఎ.ఐ.జెడ్.'లో 1930 నుంచి ఫొటోలు కత్తిరించి అతికించిన పేజీలు వేశాడు. 1932లో ఉపన్యసిస్తున్న హిట్లర్ ఫొటోకు ఎక్స్‌రే తీసిన ఛాతీ అతికించి, వెన్నెముక స్థానంలో నాణేల దొంతర పెట్టాడు. బంగారం మింగి తుక్కు కక్కుతున్నాడని కింద రాశాడు. పెట్టుబడికీ ఫాసిజానికీ ఉన్న చుట్టరికం మీద ఎన్ని వ్యాసాలు రాస్తే అంత సూటిగా ఉంటుంది? మరుసటి ఏడు నాజీలు అధికారంలోకి రాగానే అతను ప్రేగ్‌కు పారిపోవలసి వచ్చింది. పత్రికా అక్కడికే తరలింది. రూపవాదులను తరమడానికి నాజీలు అంత శ్రమ తీసుకోరు.

మూడో అభ్యంతరం, వస్తువు లేదన్నది, మాత్రం తూచి చూడవలసిందే. హార్ట్‌ఫీల్డ్ పక్కన పెట్టి చూస్తే పావులోట్సీ పేజీలో ఒక లోటు కనిపిస్తుంది. హార్ట్‌ఫీల్డ్ రెండు కాగితాలను కలిపితే మూడో మాట పుడుతుంది. నాణేలు, వెన్నెముక: కాబట్టి వీడు అమ్ముడుపోయినవాడు. పావులోట్సీ రెండు కాగితాలను కలిపి చేతులు కట్టుకుని నిలబడతాడు. బాంబరు, శీతలపానీయం: కాబట్టి? సమాధానం లేదు. కొన్ని పేజీలలో ఆ మౌనం చాలా బరువైనది. పాఠకుణ్ణి ఒంటరిగా వదిలి, నువ్వు రోజూ చూస్తూ కూడా చూడనిది ఇదే, అంటుంది. ఇంకొన్ని పేజీలలో అది వట్టి మోజు. అతనికి ఆ యంత్రాలంటే ఇష్టం, ఆ మెరుపంటే ఇష్టం. కత్తిరించిన ప్రకటన తన ఆకర్షణ ఏమీ పోగొట్టుకోకుండా అతని పేజీలో హాయిగా కూర్చుంటుంది. ఆ యంత్రం చేసిన చెయ్యి ఎక్కడా కనిపించదు. స్త్రీ విషయంలో మరీనూ. 1947 కాగితంలోని ఆటబొమ్మ దగ్గర నుంచి యాంబిట్ పేజీల దాకా స్త్రీ దేహం ప్రకటనలో ఎలా ఉందో కొలాజ్‌లోనూ చాలావరకు అలాగే మిగిలిపోయింది. ఆమె పక్కన ఒక యంత్రం వచ్చి చేరింది, అంతే. మన వారపత్రికల ముఖచిత్రాల మీద అర్ధశతాబ్దం పాటు అందమైన ఆడముఖాన్ని అచ్చువేసినవాళ్ళం మనం ఈ లోపాన్ని ఇతరులలో తేలిగ్గానే పట్టగలం.

కాబట్టి నేను పావులోట్సీని నెత్తిన పెట్టుకోమనడం లేదు. అతని పని నుంచి విమర్శకుడికి పనికొచ్చే ఒక కొలబద్ద తీసుకుంటున్నాను: అతుకు కనిపిస్తోందా, దాచారా? మంచి బొంతకు అతుకు కనిపిస్తుంది. ఏ ముక్క అమ్మ చీర, ఏ ముక్క నాన్న పంచె అని పిల్లలు చూపించి చెబుతారు. మోసపు సరుకుకు అతుకు దాస్తారు. పావులోట్సీ తీర్పు చెప్పడు, నిజమే. కాని అతుకు దాచడు. అందుకే అతని పేజీ ప్రకటన కాలేదు.

ఈ కొలబద్ద పట్టుకుని మన ప్రాంతం వైపు చూస్తే, కొలాజ్ మనకు తెలియని విద్య అనుకోవడం ఎంత అమాయకమో తెలుస్తుంది. 2014 తర్వాత విజయవాడ చుట్టూ వెలసిన బొమ్మలు గుర్తున్నాయి కదా. కృష్ణ ఒడ్డున అద్దాల మేడలు, నీటిలో వాటి నీడలు, నడకదారుల మీద తెల్లబట్టల మనుషులు. సింగపూర్ సంస్థలు గీసిన ప్రణాళిక, కంప్యూటరు వేసిన రంగు. 2015 అక్టోబర్ 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగేనాటికి ఆ మేడల బొమ్మలు గోడలమీద, పత్రికలలో నిండిపోయాయి. ఆ బొమ్మలో అడుగు కాగితం ఏమిటి? జరీబు భూములు. అరటి, కంద, పసుపు, కూరగాయలు ఏడాది పొడుగునా పండే నేల. రైతుల నుంచి సుమారు 33 వేల ఎకరాలు సమీకరించి, దానిమీద పై కాగితం అతికించారు. భూమిలేని కూలి కుటుంబానికి నెలకు 2500 రూపాయల పింఛను ప్రకటించారు గాని, బొమ్మలో ఆ కూలీకి చోటివ్వలేదు. 2017లో ఆ కట్టడాల నమూనాలకు 'బాహుబలి' దర్శకుడు రాజమౌళి సలహా తీసుకున్నారు కూడా. అంటే ఇది చిత్రనిర్మాణమని పాలకులే గుర్తించారన్నమాట. రాజధాని కావాలా వద్దా, ఎక్కడ కావాలి అన్నది ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. సంబంధించినదల్లా ఆ బొమ్మలో అతుకు అణుమాత్రం కనబడనివ్వకపోవడం. పొలం నుంచి మేడ సహజంగా మొలిచినట్టుంది. అప్పుడు మన కవులు వ్యతిరేకంగానో అనుకూలంగానో బోలెడు కవితలు రాశారు. కత్తెర పట్టి ఆ రెండు కాగితాలను విడదీసి, అడుగున ఏముందో పేజీమీద పెట్టిన కొలాజ్ మాత్రం నా కంటబడలేదు.

ఇంకొకటి. పరీక్షా ఫలితాలు వచ్చిన మర్నాటి దినపత్రిక. విజయవాడ పరిసరాలలో పుట్టి రాష్ట్రాలు దాటిన చదువుల వ్యాపారం తాలూకు ప్రకటన మొదటి పేజీని మింగేస్తుంది. తపాలాబిళ్ళంత ముఖాలు వరసలు వరసలుగా, ఒక్కొక్క ముఖం కింద ఒక అంకె. పైన పెద్దక్షరాలలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు. అదే మళ్ళీ టెలివిజన్‌లో, వేలంపాట గొంతుతో. పావులోట్సీ దీన్ని చూసి ఉంటే ఒక్క ముక్కా కత్తిరించకుండా సంతకం చేసి యాంబిట్‌కు పంపేవాడు. పిల్లవాడు, అంకె, సరుకు: ఈ మూడింటినీ కలపడానికి హార్ట్‌ఫీల్డ్‌కయినా ఇంతకంటె పొదుపయిన దారి దొరకదు. దీని పక్కన పెట్టవలసిన కాగితం కూడా అదే పత్రికలో లోపలి పేజీలో నాలుగు వరసల వార్తగా అప్పుడప్పుడు ఉంటుంది. హాస్టలు గది, ఫ్యాను, పదిహేడేళ్ళు. మొదటి పేజీకీ ఆ లోపలి పేజీకీ మధ్య ఉన్న కాగితాలను తీసెయ్యడమే 1947లో పారిస్‌లో ఆ కుర్రాడు చేసిన పని. మన సాహిత్య పత్రిక అంతపనీ చెయ్యలేదు. కార్పొరేటు చదువుల మీద కథలు వేసింది. కొన్ని మంచి కథలే. కాని కథలో ప్రకటన 'ఒక పెద్ద ప్రకటన' అనే మాటగా మారిపోతుంది. దాని అసలు రూపంలోని కర్కశత్వం పాఠకుడి దాకా రాదు.

మాటల కొలాజ్ మనకు లేదని కాదు. ఈ విజయవాడలోనే వేగుంట మోహనప్రసాద్ 'చితి-చింత' 1969లో వచ్చింది. 'మో' కవితలో సంస్కృత సమాసం పక్కన ఇంగ్లీషు మాట, దాని పక్కన వీధి మాట, మధ్యలో తెగిపోయిన వాక్యం. అస్పష్టత అని మనం అతన్ని చాలాకాలం దూరం పెట్టాం. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. అతని అతుకులు లోపలి గాయానివి. బజారులో ఎవరు ఎవరికి ఏం అమ్ముతున్నారన్న లెక్క వాటిలో దొరకడం కష్టం. అయినా, అతను ఏ సరుకుతో పనిచేశాడో మనం ముందు చదవవలసింది. తరవాత తగాదా పడవలసింది.

బొమ్మల కొలాజ్ మన చిన్న పత్రికల్లోకి రాకపోవడానికి కారణం అభిరుచి ఒక్కటే అనుకోవడం భావవాదం. అచ్చు యంత్రాన్ని కూడా అడగాలి. సీసపు అక్షరాలతో పత్రికలు కంపోజ్ చేసిన కాలంలో బొమ్మ అచ్చవ్వాలంటే బ్లాకు చేయించాలి. గీతబొమ్మకు జింకు లైన్ బ్లాకు సరిపోతుంది. చవక, ఎంత ముతక కాగితం మీదనైనా పడుతుంది. ఫొటోకు హాఫ్‌టోన్ బ్లాకు కావాలి. ఖరీదు ఎక్కువ, పైగా చుక్కలు తేలాలంటే నున్నటి కాగితం కావాలి. న్యూస్‌ప్రింట్ మీద అది మసిబొగ్గు అవుతుంది. కొలాజ్ అంటే నిలువెత్తు హాఫ్‌టోన్. వంద మంది చందాదారుల పత్రిక పూర్తి పేజీ హాఫ్‌టోన్ బ్లాకు ఎక్కణ్ణుంచి తెస్తుంది? బాపు కాలంలో తెలుగు పత్రిక గీత మీద బతకడానికి గీత గొప్పదనం ఎంత కారణమో, బ్లాకు బిల్లు కూడా అంత కారణం. ఆఫ్‌సెట్ వచ్చాక ఆ లెక్క తారుమారైంది. అక్షరమయినా బొమ్మయినా కెమెరాకు ఒకటే, ప్లేటుకు ఒకటే. ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్న డి.టి.పి. కుర్రవాడికి కత్తిరింపు, అతికింపు రెండు మీటల పని. అడ్డంకి తొలగిపోయి చాలాకాలమైంది. అలవాటు మాత్రం సీసపు అక్షరాల నాటిదే. పత్రిక ఆఫ్‌సెట్‌లో వస్తుంది, బొమ్మ ఇంకా బావిగట్టు మీదే కూర్చుంటుంది.

ఇక మన సంపాదకులకు ఒక మాట. చిత్రకారుడికి కథ పంపి బొమ్మ అడగడం ఒక్క సంచికకు మానండి. నాలుగు పేజీలు ఖాళీగా పంపండి. కవికి ఇచ్చేదే అతనికీ ఇవ్వండి (కవికి ఏమీ ఇవ్వడం లేదు గనక ఇది పెద్ద ఖర్చు కాదు). కరపత్రాలు, చిట్‌ఫండ్ కార్డులు, విత్తనాల సంచుల మీది బొమ్మలు, ప్లాట్ల బ్రోచర్లు, ఎన్నికల హామీ కాగితాలు, బంగారు రుణాల ప్రకటనలు, ఏది కావాలంటే అది కత్తిరించుకోమనండి. మొదటి నాలుగు సార్లు చెత్తే రావచ్చు. మన వచన కవిత్వం మొదటి పదేళ్ళలో ఎంత చెత్త వచ్చిందో మనకు తెలియనిది కాదు. అప్పుడు ఎవరూ పత్రికలు మూసెయ్యలేదు.

ఆ 2009 పుస్తకం దగ్గర ఒక్క అసంతృప్తి మిగిలింది. అందులో పావులోట్సీ పేజీలు శుభ్రంగా వేరుచేసి ఇచ్చారు. కాని అవి పత్రికలో పుట్టినవి. ఎడమవైపు పేజీలో ఎవరిదో కవిత ఉండేది, తిప్పితే కథ, వెనకవైపు ఏదో పుస్తకాల కొట్టు ప్రకటన. ఆ కవితతో ఈ కాగితం పడిన తగాదా పుస్తకంలో లేదు. ఇరుగుపొరుగును చూపించినవాడికే ఇరుగుపొరుగు లేకుండా చేశారు. ఇంగ్లండువాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. మన గ్రంథాలయాల్లో పాత పత్రికలు బైండు చేయించేటప్పుడు అట్టలూ ప్రకటనల పేజీలూ తీసేసి 'విషయం' మాత్రమే కుట్టించే అలవాటుంది. శ్రీశ్రీ కవిత మిగిలింది. దాని వెనక పేజీలో తలనొప్పి బిళ్ళ ఉందో, సినిమా ఉందో, యుద్ధ బాండ్లు ఉన్నాయో పోయింది. సాహిత్య విద్యార్థులెవరైనా పరిశోధనకు పాత సంచికలు తిరగేస్తుంటే, ఇంకా బైండు కాని విడి సంచికలు ఎక్కడైనా మిగిలి ఉంటే, లైబ్రేరియన్‌గారితో ఒక మాట చెప్పండి: ఆ అట్టలు ఉంచమని, ఆ ప్రకటనలు చింపవద్దని.